వెండి రూపాయి మీది నలుపు: తోమాలా, వదిలేయాలా?

శ్రావణ శుక్రవారమో దీపావళో దగ్గరపడితే చాలా తెలుగు ఇళ్లలో వెండి సామాను బీరువాలోంచి బయటికొస్తుంది. కుందులు, గిన్నెలు, కుంకుమ భరిణెలతో పాటు చిన్న సంచిలో దాచిన పాత వెండి రూపాయలూ వస్తాయి. కోస్తాలోనైతే రాణి బొమ్మవి, రాజు బొమ్మవి. తెలంగాణలోనైతే వాటితో పాటు చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయలు. కుందులకు పెట్టిన పొడే వాటికీ పెట్టి రుద్దుతారు. కాసేపటికి అన్నీ తెల్లగా మెరుస్తాయి. కుందులు రోజూ వాడుకునేవి, వాటిని తోముకోవడంలో తప్పు లేదు. నాణేల సంగతి వేరు. వాటి మీద నుంచి ఒకసారి పోయింది మళ్లీ రాదు.

పాత వెండి నాణేన్ని శుభ్రం చేయవచ్చా అని అడిగితే సేకర్తలు "వద్దు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ జవాబు చాలావరకు సరైనదే. కాకపోతే నాణెం మీద కనిపించేదంతా ఒకటే కాదు. అందులో కొంత బయటి నుంచి అంటిన మురికి. కొంత వెండే గాలితో కలిసి కట్టుకున్న పొర. అరుదుగా కొంత, నాణేన్ని లోపలికి తినేస్తున్న రసాయనం. మొదటిదాన్ని జాగ్రత్తగా తీయవచ్చు. రెండోదాన్ని వదిలేయాలి. మూడోదాన్ని తీయకపోతేనే నష్టం. ఈ మూడింటినీ వేరుగా చూడటం తెలియకనే మంచి నాణేలు పాడవుతున్నాయి. తోమేవాళ్లు రెండోదాన్ని మురికి అనుకుని తీసేస్తున్నారు. అసలు ముట్టుకోకూడదని విన్నవాళ్లు మూడోదాన్నీ అలాగే వదిలేస్తున్నారు.

నలుపు ఎక్కడి నుంచి వస్తుంది

ఇనుములాగా వెండి మామూలు గాలికి తుప్పు పట్టదు. దానికి పడనిది గంధకం. మురుగు కాలువల నుంచి, కుళ్లిన గుడ్ల నుంచి, ఉన్ని నుంచి, రబ్బరు నుంచి గంధకం ఉన్న వాయువులు ఎంతోకొంత గాలిలో కలుస్తూనే ఉంటాయి. వీటిలో ముఖ్యమైనది హైడ్రోజన్ సల్ఫైడ్. అది లెక్కకు అందనంత కొద్దిగా ఉన్నా, గాలిలో కాస్త తేమ తోడైతే వెండి పైపొర దానితో కలిసి సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. మనం చూసే నలుపు అదే. వంటగ్యాస్ లీకైతే తెలియడానికి దానిలో కలిపే వాసన పదార్థం కూడా గంధక సమ్మేళనమే. అందుకే వంటగది పక్క గూట్లో పెట్టిన వెండి తొందరగా నల్లబడుతుంది.

ఇక్కడ ఒక లెక్క చూస్తే విషయమంతా తేటపడుతుంది. సిల్వర్ సల్ఫైడ్‌లో రెండు వెండి పరమాణువులకు ఒక గంధకం పరమాణువు ఉంటుంది. వెండి పరమాణువు చాలా బరువైనది కాబట్టి ఆ నల్లటి పొర బరువులో దాదాపు 87 శాతం వెండే. అంటే రుద్ది తీసేస్తున్నది ఎక్కడి నుంచో వచ్చి పడిన దుమ్ము కాదు. ఒకప్పుడు ఆ నాణెం ముఖంగా ఉన్న వెండి. రాణి చెంప మీద, కిరీటం అంచు మీద, అక్షరాల పక్కల మీద టంకశాల దాన్ని అచ్చు కొట్టిన రోజున ఉన్న పైపొర.

ఆ పొర ఒక్కసారిగా నల్లబడదు. మొదట అది ఎంత పలుచన అంటే దాని మందాన్ని నానోమీటర్లలో కొలవాలి. పైనుంచి తిరిగొచ్చే వెలుగు, పొర అడుగున వెండిని తాకి తిరిగొచ్చే వెలుగు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగులను పెంచుతాయి, కొన్నిటిని అణిచేస్తాయి. వాన నీటి మీద పెట్రోలు చుక్క పడితే కనిపించే రంగులు వచ్చేది కూడా ఇలాగే. పొర మందం పెరిగేకొద్దీ రంగులు ఒక వరుసలో మారతాయి. మొదట లేత పసుపు, తర్వాత ముదురు బంగారు రంగు, ఎరుపు కలిసిన ఊదా, ఆపైన నీలం. ఇంకా మందమైతే మరో విడత పసుపు, గులాబీ, ఆకుపచ్చ కనిపిస్తాయి. చివరికి బూడిద రంగులోకి, నలుపులోకి దిగుతుంది. సేకర్తలు దీన్నంతా కలిపి టోనింగ్ అంటారు. ఈ వరుస గుర్తుంచుకోవాల్సినది, ఎందుకంటే దొంగ రంగులను పట్టుకోవడానికి ఇదే ఆధారం. ఆ సంగతి తర్వాత.

ఏ నాణెం ఎలా రంగు మారుతుందన్నది దానిలోని రాగిని బట్టి కూడా ఉంటుంది. 1835లో ఈస్టిండియా కంపెనీ దేశమంతటికీ ఒకే రూపాయి తెచ్చినప్పుడు దాని బరువు 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి, మిగతాది రాగి. రాణి విక్టోరియా, ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జి కాలమంతా ఇదే కొలత. హైదరాబాద్ టంకశాల చార్మినార్ రూపాయి బరువు దాదాపు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక, 1940 నుంచి బ్రిటిష్ ఇండియా రూపాయిలో వెండిని సగానికి తగ్గించి, మిగతా సగంలో రాగి, నికెల్, జింక్ కలిపారు. హైదరాబాద్ కూడా యుద్ధకాలంలో వెండిని సగానికే దించింది. అందుకే ఒకే సంచిలో పక్కపక్కన ఏళ్ల తరబడి ఉన్నా 1918 రూపాయి నీలం, బంగారు రంగులతో నిండుగా ఉంటుంది, 1943 రూపాయి మట్టి రంగులో మసకబారి కనిపిస్తుంది. రెండోది పాడైపోయిందని కొందరు కంగారుపడి తోముతారు. అది ఆ లోహం స్వభావం. తోమితే పసుపు, తెలుపు మచ్చలుగా మారి ఇంకా అసహ్యంగా తయారవుతుంది.

రుద్దితే పోయేది ఏమిటి

టంకశాలలో రెండు డైల (అచ్చు దిమ్మెల) మధ్య వెండి బిళ్ల మీద టన్నుల కొద్దీ ఒత్తిడి పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచుల వైపు పాకుతుంది. ఆ పాకుడు గుర్తులు కంటికి కనిపించనంత సన్నని గీతలుగా నాణెం ముఖమంతా నిలుస్తాయి. వాడని నాణేన్ని దీపం కింద అటూ ఇటూ వంచితే వెలుగు ఒక చక్రంలా దాని మీద తిరుగుతుంది. అదే లస్టర్. అద్దంలా మెరవడం వేరు, లస్టర్ వేరు. పొడితో తోమిన నాణెం మొదటి విధంగా మెరుస్తుంది, వెలుగు మాత్రం తిరగదు. పాకుడు గీతలు చదునైపోయి, వాటి స్థానంలో రుద్దిన చేతి దిశలో వేలాది గీరలు పడతాయి. భూతద్దం కింద పెట్టగానే అవి తెలిసిపోతాయి. ఎన్నేళ్లు గడిచినా, పైన కొత్త టోనింగ్ వచ్చినా ఆ గీరలు కింద అలాగే ఉంటాయి.

చలామణిలో అరిగిన నాణేలకు ఎలాగూ లస్టర్ ఉండదు కదా అనవచ్చు. నిజమే, కానీ వాటికి ఇంకా పోగొట్టుకునేది ఉంది. 1911లో ఐదో జార్జి పేరుతో వచ్చిన తొలి రూపాయి మీద రాజు అంగరఖాపై ఒక చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం, కాళ్లు పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనిపించిందని జనం అభ్యంతరం చెప్పారు. విడుదల కాని నాణేలను చాలావరకు కరిగించేసి, 1912 నుంచి ఏనుగును మార్చి చెక్కారు. ఇప్పుడు సేకర్తలు వెతికే నాణెం ఆ 1911దే. ఆ బొమ్మ రాజు భుజం దగ్గర ఎత్తుగా ఉండే భాగంలో, చాలా చిన్నగా ఉంటుంది. విభూతి పెట్టి నాలుగు దీపావళులు రుద్దితే ముందు అరిగేది అదే.

చార్మినార్ రూపాయిలోనూ ఇలాంటి చోటే ఉంది. చార్మినార్ మధ్య ద్వారంలో పాలకుడి పేరులోని మొదటి అక్షరం ఉర్దూ లిపిలో చెక్కారు. మీర్ మహబూబ్ అలీఖాన్ నాణేల్లో 'మీమ్', 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ నాణేల్లో 'ఐన్'. ఉస్మాన్ అలీఖాన్ తొలి నాణేల్లో ఆ 'ఐన్' సగమే కనిపిస్తుంది, తర్వాతి వాటిలో పూర్తిగా ఉంటుంది. రెండూ వేర్వేరు రకాలు. ద్వారం లోపలి పల్లంలో ఉన్న నలుపు వల్లనే ఆ అక్షరం ఎత్తుగా, స్పష్టంగా కంటికి ఆనుతుంది. అంతా తెల్లగా చేసేస్తే నాణెం తేదీ దగ్గర, ద్వారం దగ్గర చదవడానికే కష్టమవుతుంది. టోనింగ్ అందానికి మాత్రమే అనుకోవడం పొరపాటు. అది లోతులను చూపిస్తుంది.

ఇవికాక, పాత రూపాయల మీద షరాబులు వెండి నాణ్యత పరీక్షించి కొట్టిన చిన్న చిన్న గుర్తులుంటాయి. అవి లోపాలే అయినా, ఆ డబ్బు ఎవరెవరి చేతులు మారిందో చెప్పే ఆనవాళ్లు. వాటినీ రుద్ది చెరిపేసే హక్కు మనకుందా అన్నది ఆలోచించాలి.

డబ్బు లెక్కలోనూ తేడా పెద్దదే. అమెరికాలో 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో మొదలైన ఎన్‌జీసీ అనే సంస్థలు నాణేలను 1 నుంచి 70 వరకు ఉండే స్కేలు మీద గ్రేడ్ చేసి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తాయి. మన నాణేలనూ అక్కడికి పంపేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. తోమినట్టు తేలితే వాళ్లు అంకె ఇవ్వరు. "డీటెయిల్స్" అని రాసి, శుభ్రం చేసిన నాణెం అని పక్కన చేరుస్తారు. కొనేవాడు ముందు చూసేది ఆ మాటనే. బాగా అరిగిన మామూలు విక్టోరియా రూపాయికి వెండి ధర కంటే పెద్దగా ఎక్కువ రాదు కాబట్టి అక్కడ నష్టం తక్కువ. తెలియని సంచిలో ఏ నాణెం ఏ రకమో తేల్చుకోకముందే అన్నిటినీ కలిపి తోమడం వల్లే అసలు నష్టం జరుగుతుంది.

ఇంటి చిట్కాల లోపలి పని

టూత్‌పేస్ట్, విభూతి, గిన్నెలు తోమే పొడి: ఇవన్నీ సన్నని గరుకు పదార్థాలే. ఏ రసాయనమూ పని చేయదు, వెండినే గీకేస్తాయి. చింతపండు, నిమ్మకాయ ఇత్తడికి, రాగికి బాగా పనికొస్తాయి, ఎందుకంటే వాటి పులుపు రాగి చిలుమును కరిగిస్తుంది. సిల్వర్ సల్ఫైడ్ మాత్రం ఆ పులుపుకు లొంగదు. అందుకే చింతపండుతో వెండి తోమేవాళ్లు చివరికి చేత్తో గట్టిగా రుద్దాల్సి వస్తుంది. పైగా ఆ పులుపు నాణెంలోని రాగిని కొంత లాగేస్తుంది. ఉప్పు కలిపితే ఇంకా చేటు. అందులోని క్లోరైడ్ లోహంలో మిగిలిపోయి తర్వాత మచ్చలు తెస్తుంది.

ఇప్పుడు వీడియోల్లో బాగా తిరుగుతున్న పద్ధతి అల్యూమినియం ఫాయిల్, వంట సోడా, వేడినీళ్లు. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దీని వెనక ఉన్న రసాయన శాస్త్రం నిజమైనదే. గిన్నెలో ఫాయిల్ పరిచి, సోడా కలిపిన వేడినీళ్లు పోసి, వెండి దానికి తగిలేలా పెడితే సిల్వర్ సల్ఫైడ్ నుంచి గంధకం విడిపోతుంది, వెండి తిరిగి వెండి అవుతుంది. ఆ సమయంలో వచ్చే కుళ్లిన గుడ్ల వాసన ఆ గంధకానిదే. వెండి అస్సలు పోదు కాబట్టి ఇది సురక్షితం అని వాదన. గిన్నెల వరకు ఆ వాదన ఒప్పుకోవచ్చు. నాణెం దగ్గర అది నిలవదు. సల్ఫైడ్‌గా మారిన వెండి తిరిగి వచ్చినప్పుడు తన పాత చోట, పాత అమరికలో కూర్చోదు. సన్నని రంధ్రాలున్న మసక తెల్లటి పొరగా పేరుకుంటుంది. కింద లస్టర్ గీతలు ఉన్నా ఆ పొర కింద మరుగున పడతాయి. నలుపు ఎక్కువగా ఉన్న చోట ఎక్కువ తెల్లగా, తక్కువ ఉన్న చోట తక్కువగా మచ్చలు తేలతాయి. గీరలు పడవన్నది నిజం. నాణెం పాత ముఖం దక్కదన్నదీ అంతే నిజం.

దుకాణాల్లో దొరికే సిల్వర్ డిప్ ద్రావణాల్లో సాధారణంగా థయోయూరియా, ఏదో ఒక ఆమ్లం ఉంటాయి. ముంచిన కొన్ని సెకన్లలో నలుపు మాయమవుతుంది. పోయేది సల్ఫైడ్ పొర, అంటే పైన లెక్క చూసిన ఆ 87 శాతం వెండి కూడా ద్రావణంలోకే పోతుంది. ఒకసారి, అదీ పలుచని టోనింగ్ మీద, అనుభవం ఉన్నవాళ్లు ముంచితే లస్టర్ చాలావరకు నిలవవచ్చు. ముదురు నలుపు మీద ముంచితే కింద గుంటలు పడిన, జీవం లేని తెల్లటి ముఖం బయటపడుతుంది. సరిగా కడగకపోతే మిగిలిన రసాయనం వల్ల కొన్ని నెలల్లోనే మురికి పసుపు మచ్చలు వస్తాయి. థయోయూరియా ఆరోగ్యానికి మంచిది కాదు, చేతికి తగలనివ్వకూడదు. నగల షాపులో మెరుగు పెట్టించడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. తిరిగే బఫ్ (మెరుగు చక్రం) కింద ఏ నాణెమూ నాణెంగా బయటికి రాదు.

ఏది తీయాలి, ఎలా తీయాలి

మెత్తగా వంగే, కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌లు చాలా ఇళ్లలో ఉన్నాయి. అవి పీవీసీతో చేసినవి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్‌లో కలిపిన నూనె లాంటి పదార్థం బయటికి చెమ్మగిల్లుతుంది, దానితో పాటు హైడ్రోక్లోరిక్ ఆమ్లం విడుదలవుతుంది. నాణెం మీద జిగటగా, లేత ఆకుపచ్చగా ఒక పొర కనిపిస్తుంది. ఇది టోనింగ్ కాదు, నాణెంలోని రాగిని తింటున్న ఆమ్లం. దీన్ని వదిలేస్తే లోహంలో గుంటలు పడతాయి. ఆల్బమ్ పీవీసీయా కాదా తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్ ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెడితే మంట ఆకుపచ్చగా మారుతుంది. ఆ పొగ మంచిది కాదు కాబట్టి ఆరుబయట చేయాలి.

ఈ జిగటకు మందు అసిటోన్. ల్యాబ్‌లకు అమ్మే శుద్ధమైన అసిటోన్ వెండితో గాని రాగితో గాని చర్య జరపదు, టోనింగ్‌ను కదిలించదు, నూనెను, పీవీసీ జిగటను, టేపు జిగురును మాత్రం కరిగిస్తుంది. గోళ్ల రంగు తుడిచే రిమూవర్ దీనికి పనికిరాదు, దానిలో సువాసన, నూనె, రంగు కలుస్తాయి. పద్ధతి తేలికే. గాజు గిన్నెలో అసిటోన్ పోసి నాణేన్ని కొన్ని గంటలు ఉంచాలి. తీసి ఇంకో గిన్నెలో కొత్త అసిటోన్‌లో ముంచాలి. గాలికి ఆరనివ్వాలి. రుద్దకూడదు. ప్లాస్టిక్ గిన్నె వాడకూడదు, కొన్ని ప్లాస్టిక్‌లు అందులోనే కరిగిపోతాయి. అసిటోన్ ఆవిరి నిప్పుకు చాలా తొందరగా అంటుకుంటుంది. గ్యాస్ పొయ్యికి, పూజగది దీపానికి దూరంగా, కిటికీ తెరిచి చేయాలి.

మట్టి, కుంకుమ, పసుపు, దుమ్ము లాంటివి ఉంటే ముందు డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టాలి. బ్యాటరీలకు పోసే నీళ్లు మందమైన డబ్బాల్లో తేలికగా దొరుకుతాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్, బోరు నీళ్లలో ఉప్పులు ఉంటాయి కాబట్టి అవి వద్దు. ఒకటి రెండు రోజులు, నీళ్లు మార్చుతూ ఓపిగ్గా ఉంచితే మట్టి తనంతట తానే వదులుతుంది. తీసి మెత్తటి బట్ట మీద పెట్టి అద్దాలి. తుడిస్తే ఆ మట్టిలోని ఇసుక రేణువే గీర పెడుతుంది. ఎన్నో దీపావళుల కుంకుమ, నూనె కలిసి గట్టిపడిన నాణేలకు మొదట అసిటోన్, తర్వాత నీళ్లు, చివరికి మళ్లీ అసిటోన్ మంచి వరుస.

నేలలో నుంచి తీసిన నాణేలకు ఈ ఇంటి పద్ధతులేవీ వర్తించవు. ఎక్కువకాలం భూమిలో ఉన్న వెండి మీద సల్ఫైడ్ కంటే సిల్వర్ క్లోరైడ్ ఎక్కువగా పేరుకుంటుంది. బూడిద, లేత ఊదా కలిసిన మైనం లాంటి మందమైన పొర అది. దాని లోపల వెండి కూడా మారిపోయి ఉంటుంది. రాగి బయటికి జారిపోయి, లోహం రేణువుల మధ్య బంధం వదులై, పెళుసుగా తయారవుతుంది. అమరావతిలో దొరికిన వేలాది ముద్ర నాణేలు (చిన్న గుర్తులు కొట్టిన ప్రాచీన వెండి బిళ్లలు), నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేలు లాంటి నిధులు అలాంటి స్థితిలోనే బయటపడతాయి. గట్టిగా పట్టుకుంటే విరిగే నాణేన్ని బ్రష్‌తో తోమినా, అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో వేసినా ముక్కలవుతుంది. పైగా ఏ నాణెం ఏ నాణేనికి అతుక్కుని ఉంది, పొరలో బట్ట పోగులేమైనా మిగిలాయా అన్నవి కూడా పురావస్తు శాఖ వారికి ఆధారాలు. పునాది తవ్వుతుంటే కుండ దొరికితే కడగకుండా, విడదీయకుండా ఉంచి అధికారులకు తెలపాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల నిధి గురించి కలెక్టరుకు తెలియజేయడం తప్పనిసరి. ఆ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది.

రంగుకు ధర పలికినప్పుడు

అమెరికాలో 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో అచ్చయిన మోర్గాన్ డాలర్లు 90 శాతం వెండివి. వాటిని వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో కట్టి ప్రభుత్వ ఖజానాల్లో దశాబ్దాల పాటు పెట్టేశారు. సంచి అంచున ఉన్న నాణేల మీద గుడ్డలోని గంధకం మెల్లగా పనిచేసింది. మరో నాణెం అడ్డుపడిన చోట తెల్లగా, గుడ్డ తగిలిన చోట ఇంద్రధనుస్సు రంగులతో అర్ధచంద్రాకారపు టోనింగ్ వచ్చింది. కొన్నిటి మీద గుడ్డ నేత గళ్లు కూడా రంగులో అచ్చుపడ్డాయి. 1960ల మొదట్లో ఆ సంచులు బయటికొచ్చాక అలాంటి నాణేలకు తెల్లటి వాటి కంటే ఎన్నో రెట్లు ధర పలకడం మొదలైంది. గంధకం ఉన్న అట్టతో చేసిన పాత అమెరికన్ ఆల్బమ్‌లలో పెట్టిన నాణేలకూ అంచు నుంచి మధ్యకు రంగులు పాకి ఇలాగే గిరాకీ వచ్చింది.

ధర ఉన్నచోటికి దొంగ రంగులూ చేరాయి. గంధక రసాయనాలు పూసి, వేడి తగిలించి కొన్ని నిమిషాల్లోనే రంగులు తెప్పిస్తారు. మన నాణేలకూ ఇది జరుగుతోంది. గుర్తించడానికి రంగుల వరుసే దారి. సహజంగా వచ్చిన టోనింగ్‌లో పసుపు నుంచి ఎరుపు, ఎరుపు నుంచి నీలం మెల్లగా జారుతాయి. మధ్య మెట్టు లేకుండా తెలుపు పక్కనే ముదురు నీలం దూకితే అనుమానించాలి. సహజమైన పొర కింద లస్టర్ చక్రం తిరుగుతుంది. దొంగ రంగు చాలాసార్లు పైన తేలుతున్నట్టు, అక్షరాల సందుల్లో గడ్డకట్టినట్టు కనిపిస్తుంది. దాని కింద తోమిన గీరలు దాగి ఉండటమూ మామూలే. తోమి పాడుచేసిన నాణేన్ని కప్పిపుచ్చడానికే ఎక్కువసార్లు ఆ రంగు వేస్తారు.

అలాగని అన్ని టోనింగ్‌లూ మంచివే అని కాదు. పొర బాగా మందమై బొగ్గులా నల్లబడితే లస్టర్ పూర్తిగా పోతుంది, కింద వెండి తరిగిపోతూ ఉంటుంది. అక్కడ చేయాల్సింది ఇంకా నల్లబడకుండా ఆపడం. తీయడం కాదు.

దాచడమే అసలు పని

నాణెం బతికేది నిల్వను బట్టి. గంధకం, తేమ, క్లోరైడ్, చేతి చెమట: ఈ నాలుగింటినీ దూరం పెడితే ఇంకే చికిత్సా అక్కర్లేదు. రబ్బరు బ్యాండు అన్నిటికంటే ప్రమాదకరం. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు కాబట్టి అది చుట్టిన చోట నల్లటి చార పడుతుంది, కాగితం అడ్డున్నా సరే. వార్తాపత్రికలో చుట్టడం, ఉన్ని గుడ్డలో, చవక మఖమల్ సంచిలో వేయడం కూడా మానాలి. బట్టల బీరువాలో కలరా ఉండల పక్కన, అగరొత్తుల పొగ సోకే పూజగది గూట్లో పెట్టకపోవడం మేలు.

పెట్టాల్సినవి పీవీసీ లేని పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు, గట్టి అక్రిలిక్ క్యాప్సూల్‌లు, ఆమ్లం గంధకం లేని కాగితం కవర్లు. నాణెం కొలత సరిగా చూసి క్యాప్సూల్ కొనాలి, రూపాయి వ్యాసం 30 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది. వదులైతే లోపల కదిలి గీరలు పడతాయి. అన్నిటినీ గాలి చొరబడని డబ్బాలో పెట్టి, దానిలో సిలికా జెల్ సంచి వేయాలి. నారింజ రంగు గుళికలు తేమ తాగాక ఆకుపచ్చగా మారతాయి, అప్పుడు బయటికి తీసి సన్నటి వేడి మీద ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో గాలిలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి అక్కడ ఈ డబ్బా తప్పనిసరి. బ్యాంకు లాకరు దొంగల నుంచి కాపాడుతుంది, తేమ నుంచి కాపాడదు. అక్కడ పెట్టినా డబ్బా, జెల్ ఉండాల్సిందే.

పట్టుకునేటప్పుడు చూపుడు వేలు, బొటనవేలు అంచు మీద మాత్రమే ఉండాలి, కింద మెత్తటి బట్ట ఉండాలి. ముఖం మీద వేలు పెడితే ఇవాళ ఏమీ కనిపించదు, కొన్నేళ్లకు వేలిముద్ర గోధుమ రంగులో తేలుతుంది, ఇక పోదు. నాణెం మీదికి వంగి మాట్లాడితే పడే తుంపర చుక్కలు కూడా మచ్చలవుతాయి. మ్యూజియంలు కొన్ని వస్తువులకు పలుచని లక్కపూత లాంటివి వేస్తాయి, అది శిక్షణ ఉన్నవాళ్లు తీయగలిగేలా వేసే పూత. ఇంట్లో నెయిల్ పాలిష్ గాని వార్నిష్ గాని పూయకూడదు.

లక్ష్మీపూజకు వెండి రూపాయి పెట్టడం మానమని ఎవరినీ అనలేం, అనకూడదు కూడా. చాలామంది సేకర్తలు పాటించే దారి ఒకటుంది. పూజకు కొత్త వెండి బిళ్ల ఒకటి కొని దానికే పసుపు కుంకుమ పెట్టి, ఏటా కడిగి తోముకుంటారు. తాతల నాటి రూపాయిని క్యాప్సూల్‌లోనే ఉంచి పీట మీద పెడతారు. గొలుసుకు కొక్కెం అతికించిన నాణేలు, లంబాడీ నగల్లోని రూపాయలు ఇప్పటికే నగలుగా మారాయి. వాటిని నగలుగానే, నగ మొత్తంగానే కాపాడటం ఉచితం. కొక్కెం విప్పి నాణెంగా అమ్మాలని చూస్తే రెండూ పోతాయి.

ఇప్పటికే తోమేసిన నాణేల సంగతి మిగిలింది. పోయిన పైపొరను ఏ పద్ధతీ తిరిగి తేలేదు. చేయగలిగింది, లోపల మిగిలిన పొడినీ రసాయనాన్నీ డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత అసిటోన్‌తో బాగా కడిగేయడం. అక్షరాల మూలల్లో తెల్లటి పొడి కనిపిస్తే నీళ్లలో ఇంకా నానబెట్టాలి. ఆరాక మంచి కాగితం కవర్‌లో పెట్టి, తారీఖు వేసి, ఏ పద్ధతిలో తోమారో కవర్ మీదే రాసి ఉంచాలి. తర్వాత కొనేవారికి, చూసేవారికి ఆ సమాచారం పనికొస్తుంది. కాగితం గుండా కొద్దికొద్దిగా గాలి తగులుతూ పదిపదిహేనేళ్లలో బూడిద, లేత పసుపు కలిసిన సహజమైన రంగు మళ్లీ వస్తుంది. గీరలు పోవు, కానీ వాటి తీవ్రత కంటికి తగ్గుతుంది. ఆ రంగు తొందరగా రావాలని ఉడికిన గుడ్డు పక్కన పెట్టడం, గంధకం పొగ పట్టించడం మాత్రం చేయకూడదు. అప్పుడు ఒక లోపం కాస్తా రెండవుతుంది.